తెలియని దినముల చిట్టా

వర్తకుడు తీర్థయాత్రకు పోయినను అంగడి చిట్టా ఆగదు. యజమాని శిఖర్జీ కొండ ఎక్కుచున్న దినమున కూడ కనేరిలో మెహతాజీ ఎన్ని బీములు దిగినవో, ఎన్ని తాకాలు మడత పడినవో, ఎవరికెంత పగారు ముట్టినదో వ్రాయుచునే యుండును. యజమాని తిరిగి వచ్చి, కాళ్లు కడుగుకొని, గద్దె మీద కూర్చుండి మొదట అడుగునది ఆ పుస్తకమునే. ఆ పది దినములు ఆయన చూడనివి. అయినను ఆయనవే. వాని లాభనష్టములు ఆయన మీదనే యున్నవి.

మరి మనిషి తన దేహములో ఉండియు లేనివాడైన దినములకు చిట్టా ఎవరు వ్రాయవలెను?

ఇది పండితులు పొద్దు పుచ్చుటకు వేసికొను ప్రశ్న కాదు. పెద్ద ఆసుపత్రులలో ఐ.సి.యు. అను విభాగము వచ్చిన తరువాత ఇంటింటికి వచ్చిన ప్రశ్న. కనేరిలో నాలుగు సాంచాలు నడుపుకొను ఒక గృహస్థుని ఊహించుకొందము. ఊపిరితిత్తులకు జబ్బు చేసినది. భివండీలో చూపించినారు, అక్కడినుండి ఠాణాకు తీసికొనిపోయినారు. గొంతులో గొట్టము వేసి శ్వాసయంత్రము తగిలించినారు. ఆ గొట్టమును ఓర్చుకొనుటకు నిద్రమందు ఇచ్చినారు. పండ్రెండు దినములు గడచినవి. పదమూడవ నాడు గొట్టము తీసినారు. మరి పది దినములకు ఇంటికి వచ్చినాడు. బంధువులు కొబ్బరికాయ కొట్టినారు, మిఠాయి పంచినారు. బిల్లు చెల్లినది, మనిషి దక్కినాడు, లెక్క తీరినదని అందరును అనుకొన్నారు.

అతనికి మాత్రము లెక్క తీరలేదు. ఆ పండ్రెండు దినములు అతనికి ఖాళీగా లేవు. ఖాళీగా ఉన్నను బాగుండెడిది. తనను ఒక గోదాములో పెట్టి చేతులు కట్టినారని, తెల్లబట్టల స్త్రీలు తనకు విషమెక్కించుటకు గుసగుసలాడినారని, తమ్ముడు ద్వారము దగ్గర నిలువబడి చూచుచు ఊరకుండెనని అతనికి స్పష్టముగా జ్ఞాపకమున్నది. అది కల వలె చెదరిపోదు. నిన్న జరిగినదాని కంటె గట్టిగా నిలిచియుండును. ఎవరితో చెప్పిన పిచ్చివాడందురేమో అను సిగ్గు. తమ్ముడు ఎదురుగా కూర్చుండి పథ్యము తినిపించుచుండగా అతని ముఖము చూడలేకపోవుట. రాత్రి దీపము ఆర్పనీయకపోవుట. ఇంటివారు దీనిని నీరసమని అందురు.

ఇది ఏదో ఒకరికి పట్టిన వింత రోగము కాదు. ఐ.సి.యు. నుండి బయటపడినవారిలో ఇటువంటి భ్రమలు కలవారు అనేకులని వైద్యులు చాల దేశములలో వ్రాసియున్నారు. దానికి కారణములు తెలిసినవే. తీవ్రమైన జ్వరము, రక్తములో చేరిన విషపదార్థములు, ప్రాణవాయువు తక్కువగుట, నిద్రమందు, రాత్రింబవళ్లు ఆరని దీపములు, ఊరకనే మ్రోగుచుండెడి గంటలు, తెలియని చేతులు వచ్చి దేహమును తిప్పుట. గొట్టమును లాగివేయకుండ కొన్ని సమయములందు చేతులు కట్టుటయు నిజమే. కట్టినది నిజము, గోదాము అబద్ధము. సూది నిజము, విషము అబద్ధము. మనస్సు నిజమైన నూలుతోనే అబద్ధపు బట్ట నేయును. అందువలననే దానిని విప్పుట కష్టము.

ఈ విభాగము పుట్టిన కథను కొంచెము చెప్పవలసి యున్నది. 1952వ సంవత్సరమున డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో వ్యాధి విజృంభించినది. ఊపిరి తీయలేని రోగులలో తొలి మూడు వారములలో 31 మందికి ఉన్న యంత్రములతో చికిత్స చేయగా 27 మంది చనిపోయినారు. ఆ ఆగస్టు నెలలో బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తుమందు వైద్యుడు గొంతుకు రంధ్రము చేసి, గొట్టము పెట్టి, రబ్బరు సంచిని చేతితో నొక్కి ఊపిరి అందించు పద్ధతి చూపినాడు. సంచి నొక్కుటకు చేతులు కావలెను. వైద్య విద్యార్థులు సుమారు 1500 మంది, వంతుల వారీగా, నెలల తరబడి రోగుల తలాపున కూర్చుండి సంచులు నొక్కినారు. మరణములు బాగుగా తగ్గినవి. మరుసటి సంవత్సరము ఇబ్సెన్ ఆ నగరముననే అటువంటి రోగుల కొరకు వేరే విభాగము నెలకొల్పినాడు. నేటి ఐ.సి.యు.లకు అదియే మొదలని చెప్పుదురు.

ఆ విద్యార్థులు పిల్లలకు కథలు చదివి వినిపించుచు సంచి నొక్కినారట. తరువాత యంత్రము వచ్చి చేతి పని తీసికొన్నది. సాంచా వచ్చిన తరువాత నేతగాని చేయి ఏమైనదో కనేరివారికి వేరే చెప్పనక్కరలేదు. ఊపిరి అందించు చేయి పోయినది సరే. దానితో పాటు తలాపున కూర్చుండిన మనిషియు కొంత దూరమైనాడు.

ఆ మనిషిని మరల తెచ్చినవారు గొప్ప శాస్త్రజ్ఞులు కారు, నర్సులు. 1980 తరువాతి కాలమున డెన్మార్కు, నార్వే, స్వీడన్ దేశములలో కొందరు నర్సులు తెలివి లేని రోగి పేరిట ఒక నోటుపుస్తకము తెరచి, అతని దినచర్యను అతనికే ఉత్తరము వ్రాసినట్లు వ్రాయసాగినారు. ఎవరును ఆజ్ఞ ఇచ్చినది కాదు. స్వీడన్‌లో నార్షాపింగ్ అను ఊరి వ్రిన్నేవి ఆసుపత్రిలో కార్ల్ బెక్‌మన్ అను నర్సు ఈ పని పూనికతో సాగించి, 2001లో వైద్య పత్రికలో దీనిని గూర్చి ప్రకటించినాడు. నార్షాపింగ్ ఒకప్పుడు ఆ దేశమునకంతకు బట్టల మిల్లుల ఊరు. భివండీని మన దేశపు మాంచెస్టరని అన్నట్లే దానిని స్వీడన్ మాంచెస్టరని అనెడివారు. మగ్గముల ఊరిలో ఈ అలవాటు వేరూనినదని వినుట కనేరి పాఠకులకు కొంచెము ఇంపుగా ఉండవచ్చును.

పుస్తకములో ఏమి వ్రాయుదురు? మొదటి పుటలో, ఎందుకు ఎట్లు ఆసుపత్రికి తెచ్చినారో తేలిక మాటలలో వ్రాయుదురు. తరువాత ఏ నాటికి ఆ నాడు. మందుల పేర్లు, రక్తపరీక్ష అంకెలు అందులో ఉండవు. వానికి వేరే కాగితములున్నవి. "నేడు మీకు జ్వరము తగ్గినది. ఉదయము మీ కుమారుడు వచ్చి మీ చేయి పట్టుకొని అరగంట కూర్చుండినాడు. గొట్టము లాగబోయినారు గనుక మధ్యాహ్నము నుండి మీ చేతులకు మెత్తని గుడ్డపట్టీలు కట్టినాము. మీరు చిరాకు పడినారు. కిటికీ బయట వాన కురియుచున్నది." ఇట్లు వ్రాసి క్రింద పేరు వ్రాయుదురు. ఇంటివారు వచ్చిన వారును వ్రాయుదురు. కొన్ని చోట్ల ఛాయాచిత్రము కూడ తీయుదురు. రోగి కోలుకొని కొన్ని వారములైన తరువాత ఒక నర్సు దగ్గర కూర్చుండి ఆ పుస్తకము చేతికిచ్చి, అడిగినదానికి సమాధానము చెప్పును.

దీనివలన ఫలమున్నదా? 2001లో ఇంగ్లండులో క్రిస్టినా జోన్స్ అను ఆమెయు సహచరులును పరిశీలించి, జరిగిన సంగతి కొంతైన గుర్తున్నవారు, అది బాధాకరమైనదే యైనను, భ్రమలు మాత్రమే గుర్తున్నవారి కంటె తక్కువ బాధపడుచున్నారని కనుగొన్నారు. చేదైన నిజము తీపి లేని అబద్ధము కంటె మేలన్న మాట. 2010లో ఆరు ఐరోపా దేశముల 12 ఆసుపత్రులలో 352 మంది రోగులతో చేసిన పరీక్షలో, దినచర్య పుస్తకము అందినవారిలో నూటికి 5 మందికి, అందనివారిలో నూటికి 13 మందికి ఆ భయరోగము క్రొత్తగా కనబడినది. అయితే 2019లో ఫ్రాన్సు దేశమున 35 విభాగములలో 657 మందిని చేర్చుకొని చేసిన పరీక్షలో, మూడు నెలల తరువాత, పుస్తకమున్నవారికిని లేనివారికిని చెప్పుకోదగిన భేదము లేకపోయినది. నూటికి 29.9, నూటికి 34.3. రెండు పరీక్షలు కొలిచిన కొలబద్దలు వేరు. అయినను వర్తకుడు రెండవ తూకమును దాచి మొదటి తూకమును మాత్రమే చూపరాదు. ఇది మందు అని నిక్కముగా చెప్పుటకు ఇంకను వీలు లేదు.

మందు కాని పక్షమున ఈ పని మానవలెనా? ఇక్కడ ప్రశ్న వైద్యమును దాటి ధర్మములోనికి వచ్చుచున్నది. యజమాని వచ్చి చిట్టా చూచి ఆరోగ్యవంతుడు కావలెనని మెహతాజీ చిట్టా వ్రాయడు. అది యజమానికి చెందవలసినది గనుక వ్రాయును.

మన తార్కికులు జ్ఞానము నిలుచు క్రమమును నాలుగు మెట్లుగా చెప్పినారు. అవగ్రహము, ఈహ, అవాయము, ధారణ. మొదట ఏదో ఉన్నదని తోచుట, ఏమిటని విచారించుట, ఇదియే యని నిశ్చయించుట, దానిని నిలుపుకొనుట. ధారణ నుండి స్మృతి పుట్టును. నిద్రమందులో ఉన్న రోగికి మొదటి మెట్టు మాత్రమే ఉన్నది. గంట వినబడినది, చేయి తగిలినది. విచారించు శక్తి లేదు. అందుచేత నిశ్చయము తప్పినది, తప్పినదే నిలిచినది. ఇక ఎంత మంచి పుస్తకమైనను అతనికి స్మృతిని ఇయ్యలేదు. లేని ధారణను ఎవరును వెనుకనుండి తెచ్చి పెట్టలేరు.

కాని పరోక్ష ప్రమాణములలో స్మృతి ఒక్కటియే కాదు. ఆప్తుని మాట కూడ ప్రమాణమే. పండ్రెండవ శతాబ్దమువాడైన వాదిదేవసూరి ఆప్తులను రెండు విధములుగా చెప్పినాడు. లోకోత్తరులు తీర్థంకరులు, లౌకికులు తండ్రి మొదలగువారు. ఎవరి పుట్టుక ఎవరికి జ్ఞాపకమున్నది? ఫలానా తిథినాడు, ఫలానా ఇంట పుట్టితివని తల్లిదండ్రులు చెప్పగా నమ్ముచున్నాము. ఆ నమ్మకము మీద జాతకము వ్రాయించుచున్నాము, ఆస్తి పంచుకొనుచున్నాము. ఐ.సి.యు. దినములు కూడ అటువంటివే. చూచినవాడు చెప్పవలెను, అనుభవించినవాడు నమ్మవలెను. అందుకు చెప్పువాడు ఆప్తుడు కావలెను. ఇక్కడనే చిక్కులన్నియు వచ్చుచున్నవి.

మొదటి చిక్కు అనుమతి. తెలివి లేని మనిషిని చూచి వ్రాయుట, ఫొటో తీయుట, ఇయ్యనిదానిని తీసికొనుట కాదా? అదత్తాదానము దొంగతనమని మనవారికి చిన్ననాటి నుండి నేర్పుదురు. డబ్బు మాత్రమే సొత్తు కాదు. నోటిలో గొట్టముతో, బట్ట తొలగిన దేహముతో పడియున్న పెద్దమనిషి రూపము ఆయన సొత్తు. ఆ దేశములలో కొన్ని ఆసుపత్రులు ఫొటోలను వేరుగా దాచి, రోగి తానుగా అడిగిన తరువాతనే ఇచ్చుచున్నవి. అది సరియైన పద్ధతి. ఇక మన వైపు ఐ.సి.యు. అద్దము బయటనుండి ఫోనుతో ఫొటో తీసి బంధువులందరికి పంపు అలవాటు సంగతి ఏమి చెప్పవలెను! ఒకని నిస్సహాయత నూరు చేతులలో తిరుగుచున్నది, అతని చేతికి మాత్రము రాలేదు. వ్రాసిన పుస్తకము అతనికి ఇచ్చుటకే వ్రాసినదై, అతనికి ముందు వేరొకరు చదవనిదై ఉన్నయెడల దానిని దొంగతనమనుట కష్టము. అది వడ్డీ లేని తాకట్టు వంటిది. వస్తువు దాచి యుంచి సొంతదారునకు అప్పగించుట.

రెండవ చిక్కు సత్యము. ఎంత వ్రాయవలెను? "నేడు మీ గుండె రెండు నిముషములు ఆగినది" అని వ్రాయవచ్చునా? హింస కలిగించు నిజము పలుకరాదని పెద్దలు చెప్పినారు. దీనిని పట్టుకొని ఇంటివారు ఆ పుటలు చింపవలెనందురు. కాని రోగి దేహము దానిని ఎరుగును. ఎదురుబొమికలలో నొప్పి యున్నది, మణికట్టు మీద పట్టీ మచ్చ యున్నది. ఈ మచ్చకు కారణము చెప్పకపోయిన అతడు గోదామునే కారణముగా చెప్పుకొనును. నొప్పించు నిజమునకును హింసించు నిజమునకును తేడా ఉన్నది. చేతులు కట్టినామని ఊరక వ్రాసిన అది ముల్లు. ఎందుకు కట్టినారో, ఎప్పుడు విప్పినారో, కట్టినపుడు ఎవరు ప్రక్కన ఉన్నారో వ్రాసిన అది ముల్లు తీయు సూది. అతడు తెలివి లేకుండ ఉండగా ఇంటిలో మరొకరు చనిపోయిన యెడల మాత్రము ఆ వార్తను పుస్తకము చేత చెప్పించరాదు. నోటితో చెప్పి, ఏడ్వనిచ్చి, ఆ తరువాత పుట తెరువవలెను.

ఇంకొక నియమము వర్తకులకు సులభముగా తెలియునది. చిట్టాలో కొట్టివేసి దిద్దుట కూడదు. ఏ నాటి పద్దు ఆ నాడే పడవలెను. రోగి బాగుపడిన తరువాత ఇంటివారు చెప్పు కథలో మొదటినుండియు అందరికిని ధైర్యమే. "మాకు తెలుసు, నీకేమి కాదని." ఈ మాట ప్రేమతో పలికినదే గాని అప్పటి పద్దు కాదు. నాలుగవ నాటి రాత్రి తమ్ముడు మెట్ల మీద కూర్చుండి ఏడ్చినది, ఏడవ నాడు అప్పు కొరకు తిరిగినది కథలో జారిపోవును. ఫలమెరుగక వ్రాసిన పుటలో అది ఉండును. ద్వారము దగ్గర నిలువబడి ఊరకుండెనని భ్రమలో కనబడిన తమ్ముడు నిజముగా ద్వారము దగ్గరనే నిలువబడియున్నాడు. లోనికి పోనిచ్చు వేళ గంట సేపే గనుక తక్కిన ఇరువదిమూడు గంటలు అక్కడనే. ఈ ఒక్క పంక్తి అన్నదమ్ములకు ఏమి చేయగలదో వేరే చెప్పనక్కరలేదు.

2020, 2021 సంవత్సరములలో కరోనా కాలమున ఆ ద్వారము దగ్గర కూడ ఎవరిని నిలువనియ్యలేదు. అప్పుడు ఇంటివారికిని రోగికిని ఇద్దరికిని దినములు పోయినవి. చూచినవారు నర్సులు, వార్డుబాయిలు మాత్రమే. ముఖములు కప్పుకొనియుండుటచేత రోగి వారినెవరిని గుర్తుపట్టలేడు. ఆ కాలమున పోయినవారి ఇండ్లలో నేటికిని అడుగు మాట ఒకటే. చివరి దినములలో ఏమైన అన్నాడా? చెప్పువారు లేరు. వ్రాతలో ఒక్క పంక్తి ఉన్నను ఆ ఇండ్లకు అది వేరుగా ఉండెడిది.

ఇంతకును ఎవరు వ్రాయవలెను? నర్సు వ్రాయవలెననుట తేలిక. మన ఆసుపత్రులలో ఒక్కొక్క నర్సు చేతిక్రింద ఎంతమంది రోగులుందురో చూచినవారికి ఆ మాట అనుటకు నోరు రాదు. రోగిని ప్రక్కకు తిప్పవలసిన పది నిముషములు తీసికొని పుస్తకము వ్రాయుట సేవ కాదు. ఆమె ఒక్క పంక్తి వ్రాసి పేరు పెట్టిన చాలును. తక్కినది బయట కూర్చుండిన వారు వ్రాయవలెను. శేఠ్ కుటుంబములో జబ్బు చేసిన బయట బెంచీ మీద ఇరువదిమంది ఉందురు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ఫోను. అందులో ఒకరి చేతికి రెండు వందల పుటల నోటుపుస్తకము ఇచ్చుట పెద్ద పని కాదు.

కష్టమంతయు సాంచా మీద నిలువబడు మనిషిది. కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు వైపు నుండి వచ్చిన నేతగాడు, పెండ్లాము పిల్లలు ఊరిలో, తాను కనేరిలో నలుగురితో కలిసి ఒక గదిలో. అతడు ఆసుపత్రిలో పడిన యెడల బెంచీ మీద ఎవరుందురు? ఒక వంతు దిగిన జోబరు రెండు గంటలు ఉండి నిద్రకు పోవును. ఆసుపత్రి కాగితములు ఇంగ్లీషులో, డాక్టరు మాట హిందీలో, నర్సు మాట మరాఠీలోనో మలయాళములోనో. తెలివి వచ్చిన తరువాత కూడ అతనికి ఏమి జరిగినదో అతని భాషలో చెప్పు మనిషి లేడు. శేఠ్ మంచివాడైన బిల్లు కట్టును. అది ఔషధదానము, మెచ్చదగినదే. అన్నము, ఔషధము, శాస్త్రము, అభయము అని నాలుగు దానములు చెప్పుదురు గదా. నాలుగవదానికి ఇక్కడ ఖర్చు ఒక పుస్తకము, ఒక కలము, దినమునకు పావుగంట సెలవు. గదిలోని వారిలో ఒకడు, దినమున కొకడు వంతు వేసికొని, ఆసుపత్రికి పోయి చూచి వ్రాయుట. "అన్నా, నేడు శుక్రవారము. నిన్ను చూచి వచ్చినాను. నిన్నటి కంటె ముఖము తేటగా ఉన్నది. వదినకు ఫోను చేసినాను, చిన్నది బడికి పోవుచున్నదట. నీ రెండు సాంచాలు మల్లయ్య చూచుచున్నాడు, ఎవరికి ఇచ్చివేయలేదు." చివరి పంక్తి పావుగంట పగారు కంటె ఎన్ని రెట్లు విలువైనదో మగ్గము పోవునను భయమెరిగినవానికే తెలియును. ఆ పంక్తి నిజమగుట మాత్రము శేఠ్ చేతిలో ఉన్నది. సాంచాలు ఇచ్చివేసి పుస్తకములో ఇయ్యలేదని వ్రాయించిన యెడల అది అన్నిటికంటె హీనమైన దొంగలెక్క.

బ్రతుకనివారి పుస్తకము సంగతి మిగిలినది. ఆ దేశములలో దానిని ఇంటివారికి ఇచ్చుచున్నారు. ఇచ్చుట మేలని తోచుచున్నది, కాని ఎవరికి అనునది చూడవలెను. ఆస్తి పంచుకొనువారందరును ఆ పుటలను సాక్ష్యముగా లాగవచ్చును. ఎవరు ఎన్నిసార్లు వచ్చినారు, ఎవరు రాలేదు అని లెక్కలు తీయవచ్చును. వ్రాయునపుడే రానివారి పేరు వ్రాయకుండుట మంచిది. ఊరిలోనున్న భార్యకు పంపిన యెడల చదువరాని ఆమెకు ఎవరు చదివి వినిపింతురు, ఎన్ని దినముల తరువాత, అది కూడ ఆలోచించి పంపవలెను. తపాలాలో కట్టి పంపి చేతులు దులుపుకొనరాదు. కనేరినుండి ఊరికి పోవువాడు ఒకడు తీసికొనిపోయి, దగ్గర కూర్చుండి చదువవలెను.

బ్రతికివచ్చినవారు కూడ అందరును వెంటనే చదువరు. కొందరు నెలల తరబడి తెరువరు. కొందరు ఇంటివారిని చదువుమని, తాము గోడవైపు తిరిగి విందురు. కొందరికి ఎన్నటికిని అక్కర లేదు. ఇంటివారు తొందరపెట్టి ముందు పెట్టరాదు. బట్టల పెట్టెలో పై అరలో ఉన్నదని ఒకసారి చెప్పి ఊరకుండవలెను. పుస్తకము అతనిది, తెరచు దినమును అతనిదే.